మండలాల మ్యాప్ ఫైల్ వాడేముందు: సరిహద్దు డేటాను సరిచూసుకోవడం ఎలా

భద్రాచలం గుడి తెలంగాణలో ఉంది. ఊరు దాటి చర్ల రోడ్డు పట్టుకుంటే కాసేపట్లోనే ఎటపాక వస్తుంది, అది ఆంధ్రప్రదేశ్. అదే రోడ్డు మీద ఇంకొంత దూరం పోతే దుమ్ముగూడెం మండలం, అంటే మళ్ళీ తెలంగాణ. మ్యాప్‌లో చూస్తే అక్కడి సరిహద్దు గీత ఎవరో చెయ్యి జారి గీసినట్టు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కూడా డిజిటైజింగ్‌లో (కాగితం మ్యాప్‌ను కంప్యూటర్‌లో గీతలుగా మార్చేటప్పుడు) దొర్లిన తప్పే అనుకుని సరిచేయబోయాను. కానీ ఆ గీత నిజం. పోలవరం ముంపు కారణంగా 2014లో చట్టం సవరించి, ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలను పూర్తిగా, కొన్నింటిని పాక్షికంగా ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేశారు. భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని మాత్రం తెలంగాణలోనే ఉంచారు.

సరిహద్దుల ఫైల్‌తో పనిచేసే వాళ్ళు మొదట అలవాటు చేసుకోవాల్సింది ఇదే. వంకరగా కనిపించిన ప్రతిదీ తప్పు కాదు, చక్కగా కుదిరిన ప్రతిదీ ఒప్పు కాదు. గీత ఎక్కడుండాలో చెప్పేది జీవో, గెజిట్, సర్వే రికార్డు. సాఫ్ట్‌వేర్‌కి ఆ అధికారం ఇవ్వకూడదు. మీరు జిల్లా ఆఫీసులో పనిచేస్తున్నా, పత్రికకు మ్యాప్ గీస్తున్నా, కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నా, మండలాల లేదా గ్రామాల షేప్‌ఫైల్ (సరిహద్దు గీతలు, వాటి వివరాలు ఉండే మ్యాప్ ఫైల్) చేతికి రాగానే కింది వరసలో సరిచూసుకోండి. నేను క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో చేసే పద్ధతి చెబుతున్నాను. అది ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది.

మొదట అసలు కాపీని పక్కన పెట్టండి

వచ్చిన ఫైల్‌ని వచ్చినట్టే ఒక ఫోల్డర్‌లో పెట్టి, రీడ్-ఓన్లీ చేసేయండి. ఎవరి దగ్గర్నుంచి, ఏ రోజు, ఏ రూపంలో వచ్చిందో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసి అందులోనే ఉంచండి. పని అంతా ఇంకో కాపీ మీద జరగాలి.

షేప్‌ఫైల్ అంటే ఒక్క ఫైల్ కాదు, ఒకే పేరుతో ఉన్న కొన్ని ఫైళ్ళ గుంపు. ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ అనే మూడూ తప్పనిసరి. పీఆర్‌జే లేకపోతే కోఆర్డినేట్లు ఏ పద్ధతిలో ఉన్నాయో తెలియదు. సీపీజీ లేకపోతే తెలుగు పేర్ల స్థానంలో గజిబిజి గుర్తులు కనిపించవచ్చు. వాట్సాప్‌లో ఒక్క ఎస్‌హెచ్‌పీ మాత్రమే పంపిస్తే మొహమాటపడకుండా మొత్తం జిప్ చేసి పంపమని అడగండి.

తెలుగులో పేర్లు ఉంచుకోవాలనుకుంటే పని మొదలుపెట్టగానే దాన్ని జియోప్యాకేజీలోకి (అంతా ఒకే ఫైల్‌లో ఉండే ఇంకో మ్యాప్ ఫైల్ రూపంలోకి) మార్చుకోవడం మేలు. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. యూనికోడ్‌లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది, గుణింతం గుర్తులు, సున్నా కూడా విడివిడిగా లెక్కే. ‘ఊరు’ తొమ్మిది బైట్లు కాబట్టి పడుతుంది. ‘మండలం’ పదిహేను బైట్లు, పట్టదు, తెగిపోతుంది.

ఈ ఫైల్ ఏ తేదీ నాటిది?

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం గీతల్లో కాదు, తేదీల్లోనే ఉన్నాయి.

జిల్లాలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. తెలంగాణ ఫైల్‌లో 10 ఉంటే అది 2016 అక్టోబర్ 11కు ముందుది. 31 ఉంటే ఆ తేదీకీ 2019 ఫిబ్రవరి 17కీ మధ్యది. ములుగు, నారాయణపేట కలిపి 33 ఉంటే ఆ తర్వాతది. మరి 27 ఉంటే? అది 2016 ఆగస్టులో వచ్చిన ముసాయిదా నోటిఫికేషన్‌ని చూసి గీసినది. తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ లెక్క మారిపోయింది. ముసాయిదా చూసి ఉత్సాహంగా గీసిన మ్యాప్‌లు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో తిరుగుతున్నాయి, జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అక్కడా జనవరిలో వచ్చిన ముసాయిదా వేరు, అభ్యంతరాలు విన్నాక వచ్చిన తుది ఉత్తర్వు వేరు.

జిల్లాల సంఖ్య సరిపోయినా లోపల మండలాలు మారి ఉండవచ్చు. 2016లో తెలంగాణలో జిల్లాలతో పాటు 125 కొత్త మండలాలు కూడా వచ్చాయి. పాత మండలాల మీద కొత్త జిల్లాల రంగు వేసిన ఫైల్ చూడ్డానికి బాగానే ఉంటుంది, లెక్క మాత్రం తప్పుతుంది. కాబట్టి మండలాల సంఖ్య కూడా జీవోతో పోల్చండి.

పోలవరం ముంపు మండలాలు ఏ రాష్ట్రంలో ఉన్నాయో పట్టుకోవడానికి సులువైన దారి ఉంది. ఫైల్‌లోని తెలంగాణ మొత్తం వైశాల్యం చూడండి. బదిలీ తర్వాత అధికారిక లెక్క 1,12,077 చదరపు కిలోమీటర్లు. అంతకుముందు 1,14,840. మీ ఫైల్ రెండో అంకెకు దగ్గరగా ఉంటే ఆ మండలాలు ఇంకా ఖమ్మంలోనే ఉన్నట్టు. జనాభాకీ ఇదే వర్తిస్తుంది. 2011 జనగణన ప్రకారం పది జిల్లాల తెలంగాణ జనాభా 3,51,93,978. బదిలీ అయిన ఊళ్ళు తీసేస్తే 3,50,03,674. ఒక ఫైల్ నుంచి వైశాల్యం, ఇంకో పట్టిక నుంచి జనాభా తీసుకుని జన సాంద్రత లెక్కించేటప్పుడు రెండూ ఒకే తేదీవి అవునో కాదో చూడకపోతే వచ్చే సంఖ్యకు అర్థం ఉండదు.

తేదీ తేలాక ఫైల్‌లోనే దాన్ని రాసి పెట్టండి. ‘ఎప్పటి నుంచి’, ‘ఎప్పటి వరకు’, ‘జీవో నంబర్’ అనే మూడు కాలమ్‌లు చేర్చండి. పాత సరిహద్దును చెరిపేసి కొత్తది గీయొద్దు. పాతదానికి ముగింపు తేదీ వేసి ఉంచితే 2011 జనగణన లెక్కలు వాడాల్సినప్పుడు మళ్ళీ అక్కరకొస్తుంది.

పేరుతో కాదు, కోడ్‌తో కలపండి

ఒకసారి నా దగ్గరికి రెండు పట్టికలు వచ్చాయి, ఒకటి 2015ది, ఒకటి 2022ది. రెండింటిలోనూ ‘వరంగల్’ ఉంది. పేరును బట్టి కలిపేస్తే సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రర్ లేకుండా కలిపేసింది. ఫలితం చూస్తే ఏడేళ్ళలో వరంగల్ జిల్లాలో బడుల సంఖ్య దారుణంగా పడిపోయినట్టు కనిపించింది. నిజానికి ఒక్క బడీ మూతపడలేదు. 2015లో వరంగల్ అంటే జనగామ నుంచి ములుగు దాకా ఉన్న పెద్ద జిల్లా. 2016లో అది ముక్కలై వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, ఇంకా వేరే జిల్లాలు వచ్చాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, కొద్ది మార్పులతో రూరల్‌కే వరంగల్ పేరు వచ్చింది. పేరొక్కటే, నేల వేరు. ఆ మ్యాప్ బయటికి వెళ్ళి ఉంటే ఎవరో ఒక అధికారి దాని మీద సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది.

పేర్లతో ఇంకో ఇబ్బంది స్పెల్లింగ్. హనుమకొండ, హన్మకొండ. కడప, వైఎస్ఆర్, వైఎస్ఆర్ కడప. నెల్లూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు. ఇక గ్రామాల దగ్గరికి వస్తే రామాపురం, వెంకటాపురం, కొత్తపల్లి లేని జిల్లా వెతకాల్సిందే.

అందుకే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లు వాడండి. మన వాళ్ళు ఎల్‌జీడీ కోడ్ అంటారు. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం, పంచాయతీ అన్నిటికీ ఉంటుంది. ప్రతి పాలిగాన్‌కీ (మ్యాప్‌లో ఒక ఊరిని చూపే మూసిన ఆకారానికి) కోడ్ ఉందా, ఒకే కోడ్ రెండు చోట్ల వచ్చిందా, డైరెక్టరీలో ఉన్న ఊరు ఫైల్‌లో లేకుండా పోయిందా అన్నది రెండు వైపుల నుంచీ జాయిన్ చేసి చూడండి. ఒక వైపు నుంచి చేస్తే సగం తప్పులే దొరుకుతాయి.

కోడ్‌ల దగ్గర కూడా ఓ రెండు గుంటలున్నాయి. 2011 జనగణనలో రాష్ట్ర కోడ్ 28 అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఆదిలాబాద్ 532 నుంచి చిత్తూరు 554 దాకా 23 జిల్లాలు. ఇప్పటి డైరెక్టరీలో 28 అంటే విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 36. రెండు పద్ధతుల కోడ్‌లూ ఒకే కాలమ్‌లో కలిసిపోతే తర్వాత విడదీయడం నరకం. రెండోది ఎక్సెల్. జనగణన మండల కోడ్ ఐదంకెలది, సున్నాతో మొదలవుతుంది. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ఆ సున్నా పోతుంది, తర్వాత ఏదీ కలవదు. కోడ్‌ని ఎప్పుడూ టెక్స్ట్‌గానే ఉంచండి.

ఏ ‘గ్రామం’ అన్నది కూడా తేల్చుకోవాలి. రెవెన్యూ గ్రామం, గ్రామ పంచాయతీ ఒకటి కావు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో ఎన్నో తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. ఒక రెవెన్యూ గ్రామం లోపల రెండు మూడు పంచాయతీలు ఉండటం మామూలే. పంచాయతీల పట్టికను రెవెన్యూ గ్రామాల మ్యాప్‌కు అతికిస్తే తండా లెక్క మాయమవుతుంది. తమ ఊరికి పంచాయతీ కావాలని ఏళ్ళ తరబడి అడిగి సాధించుకున్న వాళ్ళు మన మ్యాప్‌లో కనిపించకుండా పోతారు.

కోఆర్డినేట్లు

మీ లేయర్ (మ్యాప్ పొర) కింద శాటిలైట్ చిత్రం పెట్టండి. రాష్ట్రం ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర మంచు దీవుల్లో కనిపిస్తే అక్షాంశం, రేఖాంశం తారుమారైనట్టు. హైదరాబాద్ 17.4, 78.5 దగ్గర ఉంది. తిరగేస్తే నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్‌కి చేరుతుంది. ఇలాంటి పెద్ద తప్పు ఇట్టే దొరుకుతుంది. మొత్తం లేయర్ ఒకే దిక్కుకు కొన్ని వందల మీటర్లు జరిగి ఉండటమే ప్రమాదకరం. పాత టోపోషీట్లు (సర్వే ఆఫ్ ఇండియా పటాలు) ఎవరెస్ట్ డేటమ్‌లో, అంటే కోఆర్డినేట్లు కొలిచే పాత ఆధారంలో ఉంటాయి. వాటిని మార్చకుండా, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని ముద్ర వేస్తే ఇలా జరుగుతుంది. సర్వే నాటి నుంచి చోటు మారని నాలుగు రోడ్ల కూడలి, చెరువు కట్ట, రైల్వే వంతెన లాంటివి జిల్లాకు ఐదారు ఎంచుకుని పోల్చండి. అన్నీ ఒకే వైపు, ఒకే దూరం జరిగితే డేటమ్ సమస్య. ఒక్కోటి ఒక్కో వైపు జరిగితే జియోరెఫరెన్సింగ్ (మ్యాప్‌ను నేల మీది అసలు చోటుకు కుదర్చడం) సరిగ్గా చేయలేదని అర్థం.

వైశాల్యం లెక్కించేటప్పుడు డిగ్రీల్లో ఉన్న లేయర్ మీద నేరుగా లెక్క వేయొద్దు. యూటీఎంలోకి (భూమిని నిలువు జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి) మారుద్దామంటే ఆంధ్రప్రదేశ్ మూడు జోన్లలో పడుతుంది: హిందూపురం 43లో, విశాఖ 44లో, ఇచ్ఛాపురం 45లో. తెలంగాణలోనూ నారాయణపేట, జహీరాబాద్ వైపు 43, హైదరాబాద్ 44. ఒక జిల్లాకైతే యూటీఎం సరిపోతుంది. రాష్ట్రం మొత్తానికి క్యూజీఐఎస్‌లో భూగోళాకారాన్ని లెక్కలోకి తీసుకునే ఎలిప్సాయిడ్ వైశాల్యం వాడండి. ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే ‘ఏరియా’ అదే.

సందులు, అతివ్యాప్తులు: ముందు చూడండి, తర్వాతే ముట్టుకోండి

ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ‘చెక్ వాలిడిటీ’ నడిపితే తనను తానే కోసుకున్న పాలిగాన్లు బయటపడతాయి. తర్వాత టోపాలజీ చెకర్ ప్లగిన్‌లో రెండు నియమాలు పెట్టండి: పక్కపక్క గ్రామాల మధ్య సందు ఉండకూడదు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. లేయర్ బయటి అంచునంతా అది ఒక సందుగా చూపిస్తుంది, దానికి కంగారు పడకండి.

ఒక సందును దగ్గరగా చూద్దాం. నేను పనిచేసిన ఒక మండలంలో రెండు ఊళ్ళ మధ్య 600 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉన్న సన్నని చీలిక దొరికింది. స్క్రీన్ మీద వెంట్రుకంత. లెక్క వేస్తే 5,400 చదరపు మీటర్లు, అంటే ఎకరం పదమూడు గుంటలు. ఆ నేల ఏ ఊళ్ళోనూ లేదు. రెండు గ్రామ నక్షాలనూ ఇద్దరు వేర్వేరుగా డిజిటైజ్ చేశారు, ఒకరి గీత ఇంకొకరికి కనిపించలేదు. ఏ గీత సరైనదో స్క్రీన్ మీద తేలదు కాబట్టి అక్కడికే వెళ్ళాం. గ్రామ సహాయకుడిగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మమ్మల్ని తాటిచెట్ల గట్టు వెంట నడిపించి, ముళ్ళకంప తప్పించి, సగం మట్టిలో కూరుకుపోయిన రాయి చూపించాడు. “గిదే సార్, మూడూర్ల పొలిమేర ఈడనే గలుస్తది” అన్నాడు. ట్రైజంక్షన్ రాయి అది. దాని కోఆర్డినేట్ తీసుకుని టీపన్ (పాత సర్వే రికార్డు) కొలతలతో పోల్చితే ఒక ఊరి గీత సరిగ్గా ఉంది, రెండోదాన్ని జరపాల్సి వచ్చింది. ఆటోమేటిక్‌గా సందు పూడ్చే టూల్ వాడి ఉంటే ఆ నేల ఏ ఊరి పాలిగాన్ పెద్దదైతే ఆ ఊరికి పోయేది.

అన్ని సందులకూ పొలానికి వెళ్ళలేం, నిజమే. అందుకే వాటిని వేరుచేసుకోవాలి. ప్రతి సందు వైశాల్యాన్ని 12.57తో గుణించి, చుట్టుకొలత వర్గంతో భాగించండి. వృత్తానికి 1 వస్తుంది, చతురస్రానికి 0.79. పైన చెప్పిన చీలికకు 0.05 కూడా రాదు. అంత చిన్న విలువ వస్తే దాదాపు ఎప్పుడూ డిజిటైజింగ్ పొరపాటే. విలువ పెద్దగా, వైశాల్యం కూడా పెద్దగా ఉంటే ఆగండి. అది నిజమైన ఖాళీ కావచ్చు.

యానాం చూడండి. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరికి చెందిన ఊరు. ఆంధ్రప్రదేశ్ ఫైల్‌లో అక్కడ రంధ్రం ఉండటమే సరి. ‘డిలీట్ హోల్స్’ ఒక్కసారి నొక్కితే యానాం ఆంధ్రలో కలిసిపోతుంది. నల్లమలలో కూడా కొన్ని ఫైళ్ళలో పెద్ద ఖాళీలు కనిపిస్తాయి. రిజర్వ్ ఫారెస్ట్‌ను ఏ రెవెన్యూ గ్రామంలోనూ కలపకపోతే అలాగే ఉంటుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల దగ్గర నీటిని గ్రామంలో కలిపారా లేదా అన్నది ఫైల్‌ని బట్టి మారుతుంది. వీటికి ‘అడవి’, ‘జలాశయం’ అని విడిగా పాలిగాన్లు పెట్టడం మంచి పద్ధతి.

అతివ్యాప్తికీ ఇదే మాట. సాలూరు మండలం పక్కనున్న కొటియా గ్రామాలు తమవేనని ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ దశాబ్దాలుగా అంటున్నాయి. రెండు రాష్ట్రాల ఫైళ్ళూ కలిపితే అక్కడ అతివ్యాప్తి రావచ్చు. అది గీసినవాడి తప్పు కాదు, వివాదం అలాగే ఉంది. మీరు ఒక పక్షం ఎంచుకుని రెండోదాన్ని కత్తిరించొద్దు. ‘వివాదం’ అనే గుర్తుతో ఆ ముక్కను విడిగా ఉంచండి.

నది సరిహద్దుగా ఉన్నచోట ఇంకో తొందరపాటు జరుగుతుంది. శాటిలైట్ చిత్రంలో గోదావరి పాయ ఇప్పుడెక్కడ పారుతుంటే అక్కడికి గీతను లాగేస్తుంటారు. ఏరు ఏటేటా పక్కకు తిరుగుతుంది. సర్వే గీత దానితో పాటు తిరగదు. లంక భూములున్న చోట ఈ పని చేస్తే ఒక ఊరి పొలాలు అవతలి ఊరికి పోయినట్టు చూపిస్తాం.

సరిచేసేటప్పుడు స్నాపింగ్ (గీత కొస పక్క గీతకు అతుక్కునేలా చేసేది), టోపలాజికల్ ఎడిటింగ్ రెండూ ఆన్ చేసుకోండి. అప్పుడు ఉమ్మడి గీతను ఒకసారి జరిపితే రెండు ఊళ్ళకూ కలిసే జరుగుతుంది. గ్రామాలు సరైనాక వాటిని ‘డిసాల్వ్’ చేసి (మధ్య గీతలు తీసి కలిపి) మండలాలు, మండలాల నుంచి జిల్లాలు తయారుచేయండి. మూడు పొరలు మూడు చోట్ల నుంచి తెచ్చుకుంటే ఎప్పటికీ అతకవు.

బయటికి ఇచ్చే ముందు

వెబ్‌సైట్ కోసం ఫైల్ సైజు తగ్గించాలనుకుంటే మామూలు ‘సింప్లిఫై’ వాడొద్దు. అది ప్రతి పాలిగాన్ గీతలోని బిందువులనూ విడివిడిగా తగ్గిస్తుంది, అంతసేపూ మూసిన సందులన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి. మ్యాప్‌షేపర్ అనే టూల్ ఉమ్మడి గీతలోని బిందువులను ఒక్కసారే తగ్గిస్తుంది, అది వాడండి. కోఆర్డినేట్లకు ఆరు దశాంశ స్థానాలు చాలు, అంటే దాదాపు 11 సెంటీమీటర్లు. పన్నెండు స్థానాలుంచితే ఫైల్ బరువెక్కడమే గానీ ఖచ్చితత్వం పెరగదు. దేశం మొత్తం చూపించే మ్యాప్ అయితే బయటి సరిహద్దు సర్వే ఆఫ్ ఇండియా ప్రకారమే ఉండాలి. అక్కడ తప్పు చేస్తే చట్టపరమైన చిక్కు.

ఆ తర్వాత ఫైల్ గురించి ఏమీ తెలియని ఒకరి చేతికిచ్చి, వాళ్ళ సొంత ఊరు, అమ్మమ్మ గారి ఊరు వెతకమనండి. ఏ మండలంలో చూపిస్తోందో, పక్క ఊళ్ళు సరిగ్గా ఉన్నాయో అడగండి. పది మంది పది ఊళ్ళు చూస్తే ఏ టూల్‌కీ దొరకని తప్పులు దొరుకుతాయి. నాకు ప్రతిసారీ దొరికాయి.

మీరు సరిచేసినవాటి జాబితాను ఫైల్‌తో పాటే ఇవ్వండి. దొరికిన తప్పులను ఆ ఫైల్ తయారుచేసిన శాఖకు తప్పకుండా రాయండి. ‘మీ మ్యాప్‌లో తప్పులున్నాయి’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఒక్కో తప్పుకు ఒక్కో పేరా: ఊరి పేరు, ఎల్‌జీడీ కోడ్, తప్పున్న చోటు కోఆర్డినేట్, స్క్రీన్‌షాట్, సంబంధిత జీవో లేదా గెజిట్ పేజీ, మీరు సూచిస్తున్న మార్పు. అక్కడ ఆ సీట్లో ఉన్నవాళ్ళకి ఇంకో పది పనులుంటాయి. మీ ఉత్తరం చూసి పావుగంటలో సరిచేయగలిగేలా ఉండాలి. జవాబు వచ్చాక, అది ‘మీరు చెప్పింది సరికాదు’ అన్నా సరే, దాన్ని కూడా అసలు కాపీ ఉన్న ఫోల్డర్‌లోనే తేదీ వేసి పెట్టండి.